క్యాంపర్ లాగడానికి డీజిల్ ట్రక్కే కావాలా, గ్యాస్ (పెట్రోల్) సరిపోతుందా?

డాలస్ పక్కన ప్రాస్పర్ నుంచి ఒకాయన రాశారు. ఇండియాకి తిరిగి వెళ్ళిపోతున్న కొలీగ్ దగ్గర 26 అడుగుల ట్రావెల్ ట్రైలర్, అదే క్యాంపర్, మంచి రేటుకి వస్తే తీసేసుకున్నారట, ఖాళీగా 5,500 పౌండ్లు, స్టిక్కర్ మీద మ్యాగ్జిమమ్ 7,000. ఇప్పుడు దాన్ని లాగే బండి లేదు. పాత క్యామ్రీ ఇచ్చేసి ఫోర్డ్ ఎఫ్-250 ట్రక్ తీసుకుందాం అనుకుంటున్నారు, డీలర్ 7.3 లీటర్ల గ్యాస్ ఇంజన్‌కి ఒక కొటేషన్, 6.7 లీటర్ల డీజిల్‌కి ఇంకో కొటేషన్ ఇచ్చాడు, రెండిటికీ తేడా 10,500 డాలర్లు. ఏడాదికి ఐదు ట్రిప్పులు, మూడు సార్లు లేక్ టెక్సోమా, ఒకసారి బ్రోకెన్ బో, సమ్మర్‌లో ఒకసారి కొలరాడో. మిగతా రోజులన్నీ ఆఫీసు, స్కూలు, కాస్ట్కో. ఇద్దరు పిల్లలు, పెద్దమ్మాయికి 8 ఏళ్ళు, సమ్మర్‌లో గుంటూరు నుంచి అమ్మా నాన్నా వస్తారు. భార్యాభర్తల ఇన్‌కమ్ కలిపి 2 లక్షల 20 వేల డాలర్లు. ఫ్రెండ్స్ అందరూ డీజిల్ అంటున్నారు, మైలేజీ ఎక్కువ, ఇంజన్ జీవితాంతం ఉంటుంది, రీసేల్ బాగుంటుంది అని. ఏం చేయమంటారు అని అడిగారు.

గ్యాస్ తీసుకోండి అండి. మీ వాడకానికి డీజిల్ మీద పెట్టే డబ్బు తిరిగి రాదు. ఎందుకు రాదో లెక్క వేసి చూపిస్తా, మీరు కూడా పెన్ను పట్టుకుని వేయండి, ఎందుకంటే ఫ్రెండ్స్ చెప్పిన మూడు మాటలూ అబద్ధాలేం కావు, కాకపోతే ఏడాదికి పాతిక ముప్పై వేల మైళ్ళు బరువు లాగేవాళ్ళ విషయంలో నిజం.

మీ ట్రిప్పులు కలిపితే ట్రైలర్‌తో రెండు వేల మైళ్ళ చిల్లర వస్తుంది, అందులో కొలరాడో ఒక్కటే 1,400. ట్రైలర్ లేకుండా ఇంకో 8,000 అనుకుందాం. గ్యాస్ ఎఫ్-250 గ్యాలన్‌కి ఖాళీగా 14 మైళ్ళు, ట్రైలర్‌తో 9 ఇస్తుంది అనుకుంటే ఏడాదికి దాదాపు 793 గ్యాలన్లు. డీజిల్ ఖాళీగా 17, ట్రైలర్‌తో 12 అనుకుంటే 638 గ్యాలన్లు. అంటే 155 గ్యాలన్లు మిగిలాయి, బాగానే ఉంది. కానీ రేటు ఒకటి కాదు కదా. గ్యాస్ 2.80, డీజిల్ 3.40 వేసుకోండి, గ్యాస్‌కి 2,220 డాలర్లు, డీజిల్‌కి 2,169. ఏడాదంతా కలిపి మిగిలింది 51 డాలర్లు! దాంట్లోంచి డెఫ్ ఫ్లూయిడ్ (డీజిల్ పొగని శుభ్రం చేసే ద్రవం) కొనాలి, ఇంకో పక్క ఆయిల్ ఛేంజ్‌కి ఎక్కువ ఆయిల్ పడుతుంది, ఫ్యూయల్ ఫిల్టర్లు ఎప్పటికప్పుడు మార్చాలి, ఆ 51 ఎక్కడికి పోయిందో కూడా తెలీదు.

డీజిల్ రేటు తగ్గుతుందేమో అని ఆశ పెట్టుకోవద్దు. ఫెడరల్ టాక్సే గ్యాస్ మీద గ్యాలన్‌కి 18.4 సెంట్లు, డీజిల్ మీద 24.4. 2022 జూన్‌లో దేశం మొత్తం మీద గ్యాస్ సగటు 5 డాలర్లు దాటినప్పుడు డీజిల్ 5.80 దాటింది, గుర్తుండే ఉంటుంది. సరే, రెండూ ఒకే రేటు, మూడు డాలర్లు అనుకుందాం, మీ ఫ్రెండ్స్‌కి అనుకూలంగానే వేద్దాం. అప్పుడు ఏడాదికి 465 మిగుల్తుంది. ఇటు ఖర్చు చూడండి, 10,500 మీద టెక్సస్ సేల్స్ టాక్స్ 6.25 శాతం కలిపితే 11,156 అయ్యింది, అది 6.5 శాతం వడ్డీతో 72 నెలల లోన్‌లో పెడితే నెలకి 188 డాలర్లు, మొత్తం కట్టేది 13,500. 465 చొప్పున అది తిరిగి రావాలంటే 29 ఏళ్ళు పడుతుంది. 29 ఏళ్ళు ఏ ట్రక్ ఉంచుకుంటారు మీరు?

ఇంజన్ జీవితాంతం ఉంటుంది అన్న మాట కూడా ఇక్కడే తేలిపోతుంది. డీజిల్ మూడు లక్షల మైళ్ళు వస్తుంది అనుకున్నా ఏడాదికి పది వేలు తిప్పేవాళ్ళకి అది 30 ఏళ్ళు, అప్పటికి సీట్లు, స్క్రీన్లు, వైరింగ్ ముందు పోతాయి. వారంటీ సంగతి కూడా అంతే, ఫోర్డ్ వాళ్ళు డీజిల్ ఇంజన్‌కి 5 ఏళ్ళు లేదా లక్ష మైళ్ళు ఇస్తారు, గ్యాస్‌కి 5 ఏళ్ళు లేదా 60 వేల మైళ్ళు. మీరు 5 ఏళ్ళలో తిరిగేది 50 వేలు. రెండు బళ్ళకీ వారంటీ ఒకే రోజున అయిపోతుంది మీకు, ఆ లక్ష అన్న అంకె వల్ల మీకొచ్చేది ఏం లేదు. వారంటీ అయ్యాక డీజిల్‌లో హై ప్రెషర్ పంప్ పోయి, దాని రజను ఇంజెక్టర్ల దాకా వెళ్ళిందంటే ఎనిమిది పది వేల డాలర్ల బిల్లు వస్తుంది. అందరికీ వస్తుందని కాదు, కానీ గ్యాస్ ఇంజన్‌లో అంత పెద్ద బిల్లు రావడం అరుదు, ఎమర్జెన్సీ ఫండ్ లెక్క వేసేటప్పుడు నేను ఇది తప్పకుండా చూస్తా.

రీసేల్ మాత్రం ఒప్పుకుంటా. ఎనిమిదేళ్ళ తర్వాత అమ్మితే డీజిల్‌కి 5,500 ఎక్కువే పలికింది అనుకుందాం. 13,500లోంచి తీసేస్తే 8,000 మిగిలింది, ఏడాదికి వెయ్యి. మీవి ఐదు ట్రిప్పులు. అంటే ప్రతి ట్రిప్పుకీ, టెక్సోమాకి వెళ్ళే ఆ 60 మైళ్ళ ట్రిప్పుకి కూడా, 200 డాలర్లు డీజిల్ అనే పేరు మీద ఎక్స్‌ట్రా కడుతున్నారు. టెక్సస్ స్టేట్ పార్క్‌లో కొన్ని రాత్రుల సైట్ రెంట్ అది.

ఇంకోటి, ఇది డబ్బు కన్నా వాడకం సంగతి. ఇప్పటి డీజిల్స్ అన్నిట్లో మసి పట్టే ఫిల్టర్ ఉంటుంది, డీపీఎఫ్ అంటారు, ఆ మసి కాలిపోవాలంటే బండి హైవే మీద కాసేపు ఆగకుండా పరిగెత్తాలి. మీరేమో స్కూలుకి నాలుగు మైళ్ళు, గుడికి ఆరు మైళ్ళు, ఇండియన్ స్టోర్‌కి మూడు. ఇంజన్ సరిగ్గా వేడెక్కే లోపే ఆపేస్తారు. అలా నెలలు గడిస్తే ఫిల్టర్ పూడుకుపోవడం, వార్నింగ్ లైట్లు, డీలర్ దగ్గరికి తిరగడం మొదలవుతాయి. డెఫ్ కూడా 30 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిలో ఎక్కువ కాలం ఆగదు, డాలస్ ఆగస్టులో గరాజ్‌లో క్యాన్లు పెట్టి ఉంచితే తొందరగా పాడవుతుంది. డీజిల్‌ని రోజూ కష్టపెట్టాలి, ఊరికే నిలబెడితే దానికి పడదు.

కొలరాడో మాట వస్తే డీజిల్ సుఖం నిజమే. ఐ-25 మీద రటోన్ పాస్ దాదాపు 7,800 అడుగులు, టర్బో లేని గ్యాస్ ఇంజన్ ప్రతి వెయ్యి అడుగులకీ ఇంచుమించు 3 శాతం పవర్ పోగొట్టుకుంటుంది, 430 హార్స్‌పవర్ అక్కడికి వెళ్ళేసరికి 330 అవుతుంది. 7,000 పౌండ్లకి 330 చాలండి. ఇంజన్ గట్టిగా అరుస్తుంది, రైట్ లేన్‌లో ట్రక్కుల వెనక కాస్త నెమ్మదిగా ఎక్కుతారు, పిల్లలు కొండలు చూస్తారు. దిగేటప్పుడు డీజిల్‌కి ఎగ్జాస్ట్ బ్రేక్ (ఇంజనే బండి వేగాన్ని ఆపే ఏర్పాటు) ఉంది, అది గొప్ప సదుపాయం, గ్యాస్‌లో అయితే బరువు లాగేటప్పుడు వాడే టో-హాల్ మోడ్ వేసి పైనుంచే చిన్న గేర్‌లో దిగాలి, బ్రేక్ మీద కాలు పెట్టి కూర్చోకూడదు, ట్రైలర్ బ్రేక్ కంట్రోలర్ ముందే సెట్ చేసుకోవాలి. ఐ-70 మీద ఐసెన్‌హవర్ టన్నెల్ 11,000 అడుగులు దాటుతుంది, అటు వెళ్ళాలని ప్లాన్ ఉంటే ఆ రోజు తొందర పెట్టుకోకండి.

ఇప్పుడు మీరు అడగని విషయం, నా దృష్టిలో గ్యాసా డీజిలా అన్నదానికన్నా ముందు చూడాల్సింది. డ్రైవర్ డోర్ తీస్తే పక్కన పసుపు పచ్చ స్టిక్కర్ ఉంటుంది, మనుషులూ సామానూ కలిపి ఇంత బరువు మించకూడదు అని. అమ్మేవాళ్ళు ఇన్ని వేల పౌండ్లు లాగుతుంది అని చెప్తారు, కానీ ఫ్యామిలీలకి ముందు దాటిపోయేది ఈ స్టిక్కర్ మీద అంకె. మీ లెక్క చూడండి. ట్రైలర్ నిండా సర్దితే 7,000, అందులో 13 శాతం దాకా ట్రక్ వెనక హిచ్ (ట్రైలర్ తగిలించే కొక్కెం) మీద పడుతుంది, 910. బరువుని సమంగా పంచే వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ బరువు ఒక 100. మీరు, మేడమ్, పిల్లలు, అమ్మ, నాన్న, ఆరుగురూ కలిపి 730 అనుకుందాం. కూలర్, స్ట్రోలర్, బెడ్‌లో సామాను 150. మొత్తం 1,890 పౌండ్లు. ఫుల్ ఆప్షన్స్ ఉన్న హాఫ్ టన్ ట్రక్ (ఎఫ్-150 లాంటి చిన్న సైజువి) చాలా వాటికి ఆ స్టిక్కర్ 1,400 నుంచి 1,700 మధ్యే ఉంటుంది. అందుకే మీరు ఎఫ్-150 దాటి ఎఫ్-250కి వెళ్ళడం కరెక్టే. మళ్ళీ అక్కడ డీజిల్ పెడితే ఆ ఇంజన్ సరంజామా కొన్ని వందల పౌండ్లు ఎక్కువ బరువు, మొత్తం బరువు లిమిట్ అంతే ఉన్న ట్రక్‌లో ఆ మేరకి మీ స్టిక్కర్ తగ్గుతుంది. పదివేలు ఎక్కువ పెట్టి తక్కువ మోసే బండి కొనడం అన్నమాట. కొటేషన్ చూసి కాదు, లాట్‌లో ఉన్న అదే బండి స్టిక్కర్ ఫోటో తీసుకుని నిర్ణయించండి, ఆప్షన్స్ మారితే అంకె మారుతుంది. సీట్లు కూడా లెక్కపెట్టుకోండి, మధ్యలో కన్సోల్ ఉంటే ఐదుగురే, ఆరుగురు కూర్చోవాలంటే ముందు బెంచ్ సీట్ ఉన్నది కావాలి. అమ్మా నాన్నల్లో ఒకరిని ఇంట్లో వదిలి వెళ్ళలేరు కదా.

డీజిల్ ఎవరికి అని అడిగితే, పది పన్నెండు వేల పౌండ్ల ఫిఫ్త్ వీల్ (ట్రక్ బెడ్‌లో తగిలించే పెద్ద ట్రైలర్) లాగేవాళ్ళకి, రిటైర్ అయ్యి ఏడాదిలో సగం రోడ్డు మీదే ఉండేవాళ్ళకి, బరువుతో కొండలు రోజూ ఎక్కేవాళ్ళకి. వాళ్ళకి నేనే డీజిల్ తీసుకోమని చెప్తా. షెవీ సిల్వరాడో 1500లో 3.0 డ్యురామ్యాక్స్ అని చిన్న డీజిల్ ఉంది, గ్యాస్ కన్నా దానికి ఎక్కువ పెట్టాల్సిన ధర బాగా తక్కువ, రోజూ వంద మైళ్ళు హైవే మీద ఆఫీసుకి వెళ్ళేవాళ్ళకి అది మంచి బండే, కానీ అది హాఫ్ టన్, పైన చెప్పిన స్టిక్కర్ దగ్గరే మీరు ఆగిపోతారు.

టాక్స్ గురించి. డీలర్ దగ్గర ఫైనాన్స్ అతను కార్ లోన్ వడ్డీ టాక్స్‌లో తగ్గుతుంది, లోన్ పెద్దదైనా పర్లేదు అన్నాడని రాశారు. 2025 నుంచి 2028 వరకు ఆ రూల్ ఉంది, నిజమే, అమెరికాలో అసెంబుల్ అయిన కొత్త బండికి ఏడాదికి 10,000 దాకా వడ్డీ డిడక్షన్, ఐటమైజ్ చేయకపోయినా వస్తుంది. మీరు కొనే ఎఫ్-250 కెంటకీలో తయారైనదైతే ఆ షరతు ఓకే. కానీ జాయింట్‌గా ఫైల్ చేసేవాళ్ళకి ఇన్‌కమ్ 2 లక్షలు దాటితే దాటిన ప్రతి వెయ్యికీ 200 చొప్పున కోసేస్తారు. మీరు 20 వేలు దాటారు, అంటే 4,000 కోత. గ్యాస్ ట్రక్‌కి 55,000 లోన్ మీద మొదటి ఏడాది వడ్డీ 3,300 చుట్టూ వస్తుంది. కోతే ఎక్కువ, మీకు వచ్చేది సున్నా. డీజిల్‌కి లోన్ 66,000 చేస్తే వడ్డీ 4,000 దగ్గరికి వస్తుంది, అయినా దాదాపు సున్నానే. 401కె రిటైర్మెంట్ అకౌంట్‌లో ఎక్కువ వేసి ఆ ఇన్‌కమ్ తగ్గించుకునే చోటు ఉంటే అది వేరే సంగతి, ఎలాగూ అది చేయాల్సిందే.

డీజిల్ కోసం లోన్‌లో పోయే ఆ 188 డాలర్లు ఆరేళ్ళు నెలనెలా పెద్దమ్మాయి 529లో (కాలేజీ చదువు సేవింగ్స్ అకౌంట్) వేస్తే, 6 శాతం వచ్చింది అనుకుంటే 16,000 పైన అవుతుంది, ఇంకేం వేయకుండా వదిలేసినా తనకి 18 వచ్చేసరికి 20 వేలు దాటుతుంది. అంతే వస్తుందని గ్యారంటీ ఇవ్వను, కానీ డెఫ్ కొనుక్కోవడం కన్నా మంచి దారి.

చివరగా ఒకటి అడగనివ్వండి, క్యామ్రీ ఇంకా బానే నడుస్తోందా? నడుస్తుంటే ఈ ఏడాది ట్రక్కే కొనకండి. 55,000 లోన్‌కి నెలకి 925, ఏడాదికి 11,000 పైన, ఇన్సూరెన్స్ వేరు. ఐదు ట్రిప్పులకి పాతిక రోజులు ట్రక్ అద్దెకి తీసుకుంటే, రోజుకి 150 అనుకున్నా 3,750. టోయింగ్ ఒప్పుకునే కంపెనీ చూసుకోవాలి, అందరూ ఒప్పుకోరు, అగ్రిమెంట్‌లో ఆ లైన్ చదవాలి, బ్రేక్ కంట్రోలర్ ఉందో లేదో అడగాలి. కాస్త చాకిరీ, ఒప్పుకుంటా. కానీ మన వాళ్ళలో చాలామంది క్యాంపర్ కొన్న మొదటి ఏడాది ఐదు ట్రిప్పులు అనుకుని రెండు వెళ్తారు, మీ హెచ్‌ఓఏ (కాలనీ అసోసియేషన్) వాళ్ళు డ్రైవ్‌వేలో పెట్టనివ్వకపోతే స్టోరేజ్ అద్దె కూడా మొదలవుతుంది. ఒక సమ్మర్ అద్దె బండితో తిరిగి, అమ్మా నాన్నలకి ఆ ప్రయాణం పడుతుందా, పిల్లలకి నచ్చిందా చూసుకుని, అక్టోబర్ నవంబర్లో క్రెడిట్ యూనియన్ దగ్గర లోన్ అప్రూవల్ తెచ్చుకుని అప్పుడు గ్యాస్ ఎఫ్-250కి డీలర్ దగ్గరికి వెళ్ళండి, 72 నెలలు కాదు, 60 నెలలకి అడగండి.