శబ్దాల మీద రాస్తున్న అమ్మాయికి

అమ్మాయీ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. ‘ధ్వని ఒక శక్తి స్వరూపం’ అంటూ మొదలుపెట్టావే, ఆ పేరా మొత్తం కొట్టెయ్. అది బడి పుస్తకంలో ఉంది. నీ దగ్గర అంతకన్నా మంచి సరుకుంది. మీ నాన్న కళ్లంలో ఒక శెనక్కాయ తీసి చెవి దగ్గర ఆడించి చూస్తాడని మూడో పేజీలో ఒక్క వాక్యం రాసి వదిలేశావు. మన అనంతపురం వాళ్లకు అంతకంటే మంచి ఎత్తుగడ ఏముంటుంది? పచ్చికాయలో గింజ బిగుతుగా ఉంటుంది, పలకదు. ఎండేకొద్దీ గింజ కుంచించుకుపోయి, చోటు దొరికి, తొక్కకు కొట్టుకుని గలగలమంటుంది. కాయ ఎంత ఎండిందో మీ నాన్న చెవితోనే తేల్చుకుంటున్నాడు. అక్కడ మొదలుపెట్టు.

బిందె నిండుతుంటే ‘నీళ్లు బరువెక్కి శబ్దం మారుతుంది’ అన్నావు. తప్పు. అక్కడ పలికేది నీళ్లపైన మిగిలిన గాలి. నీళ్లు పెరిగేకొద్దీ ఆ గాలికి చోటు తగ్గి స్వరం పైకి పోతుంది. అందుకే ఆడవాళ్లు వంటింట్లోంచే ‘బిందె నిండొచ్చింది, కొళాయి కట్టెయ్’ అని కేకేస్తారు.

ఇలాంటి తప్పు నేనూ చేశాను. బకెట్టులో చుక్క పడితే వచ్చే చప్పుడు, చుక్క నీటికి తగలడం వల్లేనని ఏళ్లపాటు నమ్మాను, రాశాను కూడా. 2018లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు హైస్పీడ్ కెమెరా, మైకులు పెట్టి చూశారు. చుక్క తగలడం దాదాపు నిశ్శబ్దంగానే జరిగిపోతుంది. పడ్డచోట నీళ్లలో చిన్న గుంట పడుతుంది. అది మూసుకుంటూ అడుగున ఒక గాలి బుడగను పట్టేస్తుంది. ఆ బుడగ వణికి పైనున్న నీటిని కదిలిస్తే, మనకు ‘టిప్’మని వినిపిస్తుంది.

చదివి ఊరుకోలేకపోయాను. ఆ రాత్రే కారుతున్న కొళాయి కింద బకెట్టు పెట్టుకుని కూర్చున్నాను. టిప్, టిప్, టిప్. గిన్నెలు తోమే లిక్విడ్ కొంచెం కలిపాను. చప్పుడు ఆగిపోయింది! చుక్కలు పడుతూనే ఉన్నాయి. తలతన్యత, అంటే నీటి పైపొరలో ఉండే బిగువు, తగ్గేసరికి బుడగ చిక్కడం లేదన్నమాట. ఇంట్లో వాళ్లను నిద్రలేపి మరీ చూపించాను.

ఇంకొకటి. వ్యాసమంతా ‘శబ్దం’ అనే రాశావు. చప్పుడు, మోత, రొద, అలికిడి ఒకటి కావు కదా. మిక్సీది మోత, పిల్లి నడిస్తే అలికిడి. ఏది వింటే ఆ మాటే వాడు.

ఈ వారం నువ్వూ బకెట్టు దగ్గర కూర్చో. నీకేం వినిపించిందో రాసి పంపు, నా మాటలు మాత్రం వాడొద్దు.

ఆశీస్సులతో,
మాస్టారు