పోలీసులతో ఇంటర్వ్యూలు చేస్తే సరిపోతుందా?

విజయవాడ, గుంటూరు కానిస్టేబుళ్లని ఇంటర్వ్యూ చేసి పోలీసు సంస్కృతి మీద పీహెచ్‌డీ రాయొచ్చా అని అడిగారు. రాయొచ్చు. కానీ ఇంటర్వ్యూలతోనే ఆపేస్తే మీకు దొరికేవి కబుర్లే. ఎంఏ ప్రాజెక్టు కోసం గుంటూరులో ఒక స్టేషన్‌కి చాలా రాత్రులు వెళ్లి కూర్చున్నాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నా.

అక్కడ ఒక హెడ్ కానిస్టేబుల్ గారు టీ కొట్టు దగ్గర ఎప్పుడూ, "తాగుబోతులకి లాఠీ తప్ప ఇంకోటి అర్థం కాదండీ" అనేవారు. ఒక రాత్రి, తాగి ఇంట్లో గొడవ చేసిన మిర్చియార్డు హమాలీని తీసుకొచ్చారు. ఈయన లాఠీ ముట్టుకోలేదు, పక్కన కూర్చోబెట్టుకుని ఏ ఊరు, పిల్లలెంతమంది, కూలి ఎంతొస్తుందని అడుగుతూ, వాడు ఏడ్చి చల్లబడ్డాక బావమరిదికి ఫోన్ చేయించి ఇంటికి పంపేశారు. కేసు లేదు. అతని భార్య చెంప వాచిపోయి గుమ్మం బయటే నిలబడి ఉంది, ఆవిడని ఎవరూ ఏమీ అడగలేదు. అదే ఇంటర్వ్యూలో అయితే నాకు లాఠీ మాటా వినపడేది, మహిళలకి ప్రాధాన్యం ఇస్తామన్న మాటా వినపడేది, ఆ రాత్రి ఆ రెండూ జరగలేదని మాత్రం తెలిసేది కాదు.

1999లో పోలీసుల మీద పరిశోధన చేసిన బ్రిటన్ సామాజిక శాస్త్రవేత్త వాడింగ్టన్ వాదించింది ఇదే: క్యాంటీన్లో చెప్పుకునే మాటల్ని బట్టి వీధిలో ఏం చేస్తారో తేల్చేయకూడదని. అంతకుముందు 1966లో అమెరికా సామాజిక శాస్త్రవేత్త స్కోల్నిక్, ప్రమాదం, అధికారం, పని చూపించాలన్న ఒత్తిడి కలిసి పోలీసుకి ఒక తరహా మనస్తత్వాన్ని తయారుచేస్తాయన్నాడు. అది అమెరికా మాట. మన దగ్గర నేను చూసినంతలో కానిస్టేబుల్‌కి దొంగ కంటే వైర్‌లెస్ సెట్‌లో పైఆఫీసర్ గొంతే ఎక్కువ టెన్షన్, ఎందుకంటే మెమో ఇచ్చేదీ, వీఆర్‌కి పంపేదీ (అంటే పోస్టింగ్ లేకుండా పక్కన పెట్టేదీ) ఆయనే. దానికితోడు, మన దేశంలో పోలీసులు రోజుకి సగటున 14 గంటలు పనిచేస్తున్నారని 2019లో కామన్ కాజ్, లోక్‌నీతి అనే సంస్థలు చేసిన సర్వేలో తేలింది. అర్ధరాత్రి ఫిర్యాదు తీసుకోకుండా "పొద్దున రామ్మా" అని పంపేసే మనిషిని ఈ లెక్క పక్కన పెట్టి అర్థం చేసుకోలేరు, అలాగని అది ఆ ఆడమనిషికి జరిగిన అన్యాయాన్ని తగ్గించదు కూడా. మీ థీసిస్‌లో రెండూ ఉండాలి.

పర్మిషన్ గుంటూరులో ఎస్పీ ఆఫీసు నుంచి, విజయవాడలో కమిషనర్ ఆఫీసు నుంచి తెచ్చుకోండి. అయితే ఆ లెటర్ చూపించిన రోజు నుంచే మిమ్మల్ని పైనుంచి వచ్చిన మనిషిగా చూస్తారు, అది పోవడానికి టైం పడుతుంది. బ్రిటన్‌లో హోల్డవే అనే పరిశోధకుడు తాను పోలీసు సార్జెంట్‌గా ఉంటూనే తోటివాళ్లకి చెప్పకుండా పరిశోధన చేశాడు. నాకైతే అది నచ్చదు, మీరు చెప్పే చేయండి. ముందు స్టేషన్‌లో రికార్డులు రాసే రైటర్‌తో పరిచయం పెంచుకోండి, ఏ పిటిషన్ ఎఫ్ఐఆర్ అవుతుందో, ఏది రాజీకి పోతుందో ఆయనకి తెలిసినంత ఎవరికీ తెలియదు. దసరాకి ఇంద్రకీలాద్రి బందోబస్తుకి వేరే జిల్లాల నుంచి కూడా వస్తారు, సొంత స్టేషన్ సంగతులు అక్కడ కాస్త స్వేచ్ఛగా మాట్లాడతారు.

నోట్సు వాళ్ల ముందు రాయొద్దు, రూముకి వచ్చాక ఆ రాత్రే రాసుకోండి. పేర్లు తీసేస్తే చాలనుకోవద్దు. స్టేషన్‌లో మహిళా ఎస్సై ఒక్కరే ఉంటే, స్టేషన్ పేరూ హోదా రాసినా ఆవిడ పేరు రాసినట్టే.