కొత్త పెట్ట దగ్గర తొందరపడకు

చిట్టితల్లీ,

కొత్త కోడిపెట్టను తెచ్చుకున్నావని, వచ్చినప్పటి నుంచీ అది మూల ముడుచుకుని కునుకుతోందని మీ అమ్మ చెప్పింది. రాత్రి చాలాసేపు దాని పక్కనే కూర్చున్నావట. వినగానే కడుపు నిండిపోయింది. ఆ వెంటనే భయం కూడా వేసింది, ఎందుకంటే ఈ విషయంలో నువ్వు అచ్చం నాలాంటిదానివే. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను.

ముందు ఇది చెప్పు. దాని నోరు తెరిచి నీళ్లు పోయలేదు కదా? పోస్తుంటే ఇప్పుడే ఆపెయ్.

నీ వయసులో నాకొక నల్ల పెట్ట వచ్చింది. రెండో రోజుకే కళ్లు మూసుకుని తూగడం మొదలుపెట్టింది. ఒంట్లో నీళ్లు అయిపోయాయి, ఎలాగైనా పట్టాలి అనుకున్నాను. ఒళ్లో పెట్టుకుని, రెక్కలు కొట్టకుండా గుడ్డతో గట్టిగా చుట్టి, ముక్కు విప్పి చెంచాతో నీళ్లు పోశాను. అది తల విదిలించింది. మొండితనం అనుకుని ఇంకో చెంచా పోశాను. మూడోది పోసేసరికి గొంతులో గురగురమంది. రెండుసార్లు నోరు తెరిచి గాలి కోసం ఎగపీల్చింది, అంతే, మెడ వాలిపోయింది. అది పోయిందని అర్థం కాక నేనింకా దాని తల నిమురుతూనే ఉన్నాను.

చాలా ఏళ్లకు ఒక పశువైద్యుడు కోడి నోరు తెరిచి చూపించాడు. నాలుక వెనకే, నోటి అడుగున చిన్న చీలిక ఉంటుంది. అదే ఊపిరి దారి. మన గొంతులో మింగేటప్పుడు ఆ దారిని కప్పే చిన్న మూత కోడికి లేదు. మనం పోసిన నీళ్లు తిన్నగా ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఇంకో సంగతి కూడా చెప్పాడు. కోడికి రొమ్ము ఎముక ముందుకీ వెనక్కీ కదిలితేనే ఊపిరాడుతుంది. నేనేమో ఆ ఎముక కదలకుండా బిగించి కూర్చున్నాను. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తినలేకపోయాను. ఆ పెట్టకు వచ్చింది ఒట్టి ప్రయాణపు అలసటేనేమో అని ఈ వయసులో కూడా అనిపిస్తుంది.

అందుకే, ఎత్తుకుంటే వదులుగా ఎత్తుకో. ముక్కు కొసను మాత్రం నీళ్లకు తాకించి ఆగు, దానికి కావాలంటే అదే తీసుకుని తల పైకెత్తి మింగుతుంది. లేదా ముక్కు పక్కన ఒక్క చుక్క వదులు, మింగాకే రెండోది. తల నిలపలేకపోతుంటే ఆ ఒక్క చుక్క కూడా వద్దు, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లు.

దాన్ని నెల రోజులు వేరుగా ఉంచాలని నీకు తెలుసు. ముందు పాత కోళ్ల పని చూసుకుని ఆ తర్వాతే దీని దగ్గరికి వెళ్లు. చేతులు కడుక్కో, చెప్పులు మార్చు. పాపం ఒంటరిదని జాలిపడి మాత్రం మందలో కలపకు.

చోటు మారిన కోడి ఒకటి రెండు రోజులు సరిగా తినదు, గుడ్లు కూడా ఆపేస్తుంది. దానికి టెన్షన్ పడక్కర్లేదు. కానీ కోడి జబ్బును దాచుకుంటుంది తల్లీ, నీరసంగా కనిపిస్తే తోటివే పొడుస్తాయి కాబట్టి. మన కంటికి డల్‌గా కనిపించేసరికి లోపల చాలా రోజులై ఉండొచ్చు. అందుకని ఊరికే చూస్తూ కూర్చోకుండా తడిమి చూడు. మెడ కింద మేత సంచి రాత్రికి నిండి, తెల్లారేసరికి ఖాళీ అవ్వాలి. పొద్దున్న కూడా గట్టిగా ఉన్నా, మెత్తగా ఉబ్బి నోరు పులిసిన వాసన కొడుతున్నా డాక్టర్‌కి చూపించాలి. తోక కింద ఈకలు విడదీసి పేలున్నాయేమో వెతుకు. అడుగున తెల్ల కాగితం పరిస్తే రెట్ట తెలుస్తుంది. అప్పుడప్పుడూ గోధుమరంగులో జిగురుగా, కంపు కొడుతూ పడేది మామూలే. రక్తం కనిపిస్తే ఆ రోజే పరుగెత్తు. ఒళ్లు వేడిగా ఉందని జ్వరం అనుకోకు, కోడి ఒళ్లు మామూలుగానే 41 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంటుంది.

నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, మొహం వాచినా, మెడ తిరిగిపోతున్నా, గుడ్డు రాక ముక్కుతున్నా ఆగొద్దు. మిగిలిపోయిన మాత్రలు నీ అంతట నువ్వు వెయ్యకు. డాక్టర్ మందిస్తే, గుడ్లు ఎన్నాళ్లు తినకూడదో అడిగి రాసుకో. ఉన్నట్టుండి కోళ్లు వరసగా చచ్చిపోతుంటే మాత్రం వట్టి చేతులతో ముట్టుకోవద్దు, పశువైద్యశాఖ వాళ్లకు చెప్పు. నీ ఆరోగ్యం కూడా నాకు ముఖ్యమే.

పెట్టెలో పొడి గడ్డి వేసి, ఒక పక్కన మాత్రమే బల్బు పెట్టు. వేడెక్కితే రెండో పక్కకు జరుగుతుంది. తర్వాత వెలుతురు తగ్గించి బయటికి వచ్చెయ్. గంటకోసారి ఎత్తి చూడకు. అది నీకు కష్టమే, నాకు తెలుసు.

రేపు పొద్దున్నే, మేత వెయ్యకముందే మేత సంచి తడిమి చూసి నాకు ఫోన్ చెయ్. ఎంత పెందలాడే అయినా పర్లేదు, మేలుకునే ఉంటాను.

మీ అమ్మమ్మ