సబ్‌వూఫర్ కొనే ముందు పాట పెట్టి విను

ఒరే చిన్నా,

పాటలకీ సినిమాలకీ రెండింటికీ పనికొచ్చే సబ్‌వూఫర్, అదే లోతైన బేస్ శబ్దాల కోసం విడిగా పెట్టే స్పీకర్ పెట్టె, ఏది కొనాలి బాబాయ్ అని అడిగావు కదా, కంపెనీ పేరు చెప్పే ముందు ఒక మాట విను. సినిమాలో బాంబు పేలినప్పుడు ఏ సబ్‌వూఫరైనా బ్రహ్మాండంగానే అనిపిస్తుంది, దాని అసలు రంగు బయటపడేది పాటలోనే. అందుకని పాట పెట్టి ఎంచుకో.

పేలుడు శబ్దం కాస్త సాగినా మన చెవి పట్టుకోలేదు, అది ఎంతసేపు ఉండాలో మనకేం తెలుసు. బేస్ గిటార్ దగ్గర అలా కుదరదు. నాలుగు తీగల బేస్ గిటార్‌లో అన్నిటికంటే కింది స్వరం 41 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది, అక్కణ్ణుంచి వాయించేవాడు ఒక్కో మెట్టూ ఎక్కుతుంటే ప్రతి స్వరం విడివిడిగా, ఇంచుమించు ఒకే బలంతో వినపడాలి, తీగ మీద వేలు ఆనించి ఆపగానే శబ్దమూ ఆగిపోవాలి. మృదంగం ఎడమ వైపు దెబ్బ పెట్టి చూడు, చర్మం సాగి లోపలికి వంగినట్టు వినిపిస్తే మంచిది, ఊరికే బుమ్‌మని ఊరుకుంటే ఆ పెట్టె వదిలెయ్.

వాట్ల అంకె చూసి మాత్రం పడిపోకు, నేను మొదటిసారి అలాగే కొన్నాను. తీసుకొచ్చి గది మూలలో పెట్టాను, సినిమా వేస్తే తలుపులు అదిరేవి, పాట వేస్తే ఏ పాటలోనైనా ఒకటే గుయ్‌మనే మోత, మిగతా స్వరాలన్నీ దాని కింద నలిగిపోయేవి. ఏడాది పాటు ఆ పెట్టెనే తిట్టుకున్నాను, తీరా చూస్తే తప్పంతా నేను పెట్టిన చోటుది. 40 హెర్ట్జ్ శబ్ద తరంగం పొడవు దాదాపు 8.6 మీటర్లు, గది పొడవు అందులో సగం, అంటే 4.3 మీటర్లు ఉందనుకో, ఆ స్వరం రెండు గోడల మధ్య ఇరుక్కుని గోడల దగ్గర ఉబ్బిపోతుంది, సరిగ్గా మధ్యలో కూర్చుంటే అదే స్వరం దాదాపు మాయమైపోతుంది. ఇక వాట్లంటావా, వాటిని రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్, అంటే చెవికి కొంచెం తేడా తెలుస్తుంది, అంతే.

చోటు వెతకడానికి ఒక పద్ధతి ఉంది, నువ్వు తప్పకుండా చెయ్యాలి. సబ్‌వూఫర్‌ని తీసుకెళ్ళి నువ్వు కూర్చునే సోఫా ఉన్నచోట పెట్టు, బేస్ కిందికీ పైకీ నడిచే పాట ఒకటి మళ్ళీ మళ్ళీ తిరిగేలా పెట్టి, గోడ వెంబడి మోకాళ్ళ మీద పాకుతూ చెవి నేలకి దగ్గరగా పెట్టి విను. ఎక్కడ అన్ని స్వరాలూ సమంగా వినపడతాయో అదే దాని స్థానం. నా గదిలో అది కిటికీ కింద, అల్మారాకి మూరెడు ఇవతల దొరికింది, ఇంకో అడుగు జరిపితే మళ్ళీ అదే మోత.

సీల్డ్ (అన్ని వైపులా మూసేసిన) పెట్టా, పోర్టెడ్ (గాలి వెళ్ళే గొట్టం ఉన్న) పెట్టా అన్నది గదిని బట్టి ఉంటుంది. సీల్డ్ పెట్టెలో శబ్దం కిందికి మెల్లగా తగ్గుతుంది, ఆక్టేవ్‌కి, అంటే హెర్ట్జ్ సగానికి దిగిన ప్రతిసారీ, 12 డెసిబెల్స్ చొప్పున, చిన్న గది ఆ లోటుని తనే చాలావరకు పూడుస్తుంది, అందుకే తలుపు వేసుకునే మామూలు గదికి నా ఓటు సీల్డ్‌కే. పోర్టెడ్ అదే సైజులో ఇంకా లోతుకి, ఇంకా గట్టిగా వెళ్తుంది గానీ దాని హద్దు దాటాక 24 డెసిబెల్స్ చొప్పున పడిపోతుంది. పెద్ద హాలు, పక్క గదుల్లోకి తెరుచుకుని ఉన్నది అయితే పోర్టెడ్ తీసుకో, పోర్టుకి మూత పెట్టుకునే వీలున్నది దొరికితే మరీ మంచిది. డబ్బు సరిపోయేట్టయితే ఒక పెద్దదాని బదులు రెండు చిన్నవి కొను, ఒక చోట తగ్గిన స్వరాన్ని రెండోది పూడుస్తుంది.

అమర్చేటప్పుడు రిసీవర్‌లో (స్పీకర్లన్నీ కలిపే యాంప్ పెట్టెలో) స్పీకర్లన్నీ స్మాల్ అని పెట్టి, క్రాసోవర్, అంటే ఎక్కణ్ణుంచి కింది శబ్దం సబ్‌వూఫర్‌కి వెళ్ళాలో చెప్పే హద్దు, 80 హెర్ట్జ్‌తో మొదలుపెట్టు, సబ్‌వూఫర్ వెనక ఉన్న క్రాసోవర్ నాబ్ పెద్ద అంకె వైపు చివరిదాకా తిప్పెయ్, లేకపోతే రెండుసార్లు కోత పడుతుంది. నీది సబ్ అవుట్ (సబ్‌వూఫర్‌కి వైరు పెట్టే చోటు) లేని స్టీరియో యాంప్ అయితే హై లెవెల్ ఇన్‌పుట్, అంటే స్పీకర్ వైర్లే నేరుగా కలుపుకునే చోటు, ఉన్నదే కొనాలి, అప్పుడు మాత్రం ఆ నాబ్‌తోనే పని. సబ్‌వూఫర్ శబ్దాన్ని మిగతా స్పీకర్లతో కలిసి నడిచేలా సర్దే ఫేజ్ నాబ్ తిప్పుతూ సోఫాలో కూర్చున్నవాళ్ళని అడుగు, బేస్ ఎక్కువ నిండుగా వినపడిన చోట ఆపెయ్. ఆటో కాలిబ్రేషన్ (రిసీవర్ మైకుతో తనే కొలుచుకోవడం) చేశాక సబ్‌వూఫర్ దూరం టేపుతో కొలిచినదానికంటే ఎక్కువ చూపించిందని కంగారుపడి దిద్దకు, లోపలి సర్క్యూట్ చేసే ఆలస్యాన్ని కూడా అది లెక్కలో వేసుకుంటుంది.

సౌండ్ ఎంత పెట్టాలంటే, పాట నడుస్తుండగా సబ్‌వూఫర్ ఉందన్న ధ్యాసే రాకూడదు, ఆపేస్తే మాత్రం పాట సన్నబడిపోయినట్టు ఉండాలి. సినిమాకి రెండు మూడు డెసిబెల్స్ పెంచాలనిపిస్తుంది, పెంచుకో, కానీ మళ్ళీ పాటకి తగ్గించాలి కాబట్టి రిమోట్‌తో మారేది చూసుకో, ప్రతిసారీ వెనక్కి వంగి నాబ్ తిప్పడం రెండు వారాలకి విసుగొస్తుంది.

గది పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచి, సోఫా ఎక్కడుందో, తలుపు ఎటుందో ఒక బొమ్మ గీసి పంపు. లోపలి స్పీకర్ అడ్డుకొలత పది అంగుళాలది చాలో పన్నెండుది కావాలో అప్పుడు చెప్తాను.

మీ బాబాయి