రిగ్గు కాదు, పేటెంట్ ఆఫీసు అంటున్న అమ్మాయి

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. మా అమ్మాయి కాకినాడలో పెట్రోలియం ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతోంది. ఈమధ్య క్లాసులో ఎక్స్‌పాండబుల్ లైనర్ హ్యాంగర్లని ఏవో చెప్పారట. అప్పట్నుంచి వాటి మీద పేటెంట్లు వెతికి చదువుతోంది. ఇప్పుడు ‘పేటెంట్ ఎగ్జామినర్‌నవుతాను నాన్నా’ అంటోంది. చమురు బావులు తవ్వే రిగ్గుల మీదికి పంపడం మాకూ ఇష్టం లేదు కాబట్టి మంచిదే అనుకున్నాం. కానీ అదేం ఉద్యోగమో, ఆమె చదువుకు వస్తుందో రాదో తెలియక టెన్షన్‌గా ఉంది. ఇప్పుడే కోచింగ్‌లో చేర్పించమంటారా? రేపు అమెరికా వెళ్తే అక్కడ ఇదే పని దొరుకుతుందా?

జవాబు: ముందు ఇబ్బంది ఎక్కడుందో చెప్పేస్తాను, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం. పేటెంట్ కోసం వచ్చిన దరఖాస్తులో నిజంగా కొత్త సంగతి ఉందో లేదో పరీక్షించే ఉద్యోగం ఇది. మన దేశంలో ఈ ‘ఎగ్జామినర్ ఆఫ్ పేటెంట్స్ అండ్ డిజైన్స్’ పోస్టులకు 2023లో పెద్ద నోటిఫికేషన్ వచ్చింది. మొత్తం 553 ఖాళీలు, 14 విభాగాలు. ఎలక్ట్రానిక్స్‌కు 108, మెకానికల్‌కు 99, కంప్యూటర్ సైన్స్‌కు 63. కెమిస్ట్రీ, బయోటెక్నాలజీ, సివిల్, మెటలర్జీ, చివరికి టెక్స్‌టైల్ కూడా ఆ జాబితాలో ఉన్నాయి. పెట్రోలియం పేరుతో విభాగం లేదు. చమురు బావుల పేటెంట్లను పరీక్షించే కుర్చీ ఉంది కానీ, దాని దగ్గరికి వెళ్లే దారి పెట్రోలియం డిగ్రీ పేరు మీద లేదన్నమాట. మీ అమ్మాయికి ఈ సంగతి మూడో సంవత్సరంలోనే తెలియడం మంచిది. నాలుగేళ్లు అయ్యాక తెలిస్తే బాధ ఎక్కువ.

ఉద్యోగం మాత్రం మంచిదే. కేంద్ర ప్రభుత్వంలో గ్రూప్-ఎ గెజిటెడ్ పోస్టు, పే లెవెల్ 10, అంటే మూల వేతనం 56,100 దగ్గర మొదలవుతుంది. కోల్‌కతా, ఢిల్లీ, ముంబయి, చెన్నైలలో పేటెంట్ ఆఫీసులున్నాయి. మన రెండు తెలుగు రాష్ట్రాల దరఖాస్తులు చెన్నై ఆఫీసు పరిధిలోకి వస్తాయి. 2023 నోటిఫికేషన్‌లో వయసు 21 నుంచి 35. ప్రిలిమ్స్, మెయిన్స్, ఇంటర్వ్యూ ఉంటాయి. ఎంపికైనవాళ్లకు నాగపూర్‌లోని మేధో సంపత్తి శిక్షణ సంస్థలో ట్రైనింగ్ ఇస్తారు. ఇవన్నీ ఎక్కడైనా దొరికే వివరాలే. పని ఎలా ఉంటుందన్నది మాత్రం అంత సులువుగా ఎవరూ చెప్పరు. మీ అమ్మాయి మోజుపడిన ఆ హ్యాంగర్‌నే తీసుకుని చెబుతాను.

మన ఊళ్లలో బావి తవ్వి, మట్టి కూలకుండా వరలు దింపుతాం కదా. చమురు బావిలో ఆ పని కేసింగ్ అనే ఉక్కు గొట్టాలు చేస్తాయి. లోతుకు వెళ్లేకొద్దీ గొట్టాలు సన్నబడతాయి. ప్రతి గొట్టాన్నీ నేలమట్టం దాకా తెస్తే ఉక్కు ఖర్చు తడిసి మోపెడవుతుంది. అందుకే కింది గొట్టాన్ని పై గొట్టం అడుగుభాగంలో లోపలివైపు తగిలించి వదిలేస్తారు. అలా తగిలించిన గొట్టం లైనర్, దాన్ని పట్టుకుని నిలబెట్టే భాగం హ్యాంగర్. పాత పద్ధతిలో ఈ పట్టు కోసం పళ్లున్న స్లిప్పులు వాడేవారు, సీలు కోసం విడిగా ప్యాకర్ పెట్టేవారు. ఎక్స్‌పాండబుల్ రకంలో హ్యాంగర్ గొట్టం లోపలినుంచి ఒక కోన్‌ను హైడ్రాలిక్ ఒత్తిడితో తోస్తారు. ఉక్కు బయటికి సాగి, మళ్లీ వెనక్కి రాకుండా అలాగే ఉండిపోతుంది. గొట్టం చుట్టూ అతికించిన రబ్బరు పట్టీలు బయటి కేసింగ్ గోడకు గట్టిగా నొక్కుకుంటాయి. బరువును మోయడం, ద్రవాలు కారకుండా ఆపడం రెండూ ఒకే భాగం చేసేస్తుంది. గొట్టాన్ని బావిలోనే సాగదీసే ఈ ఆలోచన మీద షెల్ అనే చమురు కంపెనీ 1990లలో బాగా పనిచేసింది. 1998లో చమురు సర్వీసు కంపెనీ హాలిబర్టన్‌తో కలిసి ఎన్వెంచర్ అనే సంస్థనే పెట్టింది. అప్పట్నుంచి ఈ రంగంలో పేటెంట్ల మీద పేటెంట్లు. ఎగ్జామినర్‌కు ఇలాంటి రంగమంటే పండగా, తలనొప్పీ రెండూ.

ఇక బల్ల మీదికి వచ్చే కాగితం. ఒక దరఖాస్తులో మొదటి క్లెయిమ్, అంటే ‘ఇంతవరకు నాది’ అని దరఖాస్తుదారు హద్దు గీసుకునే వాక్యం, ఇలా ఉందనుకుందాం. ఇది నేను కల్పించిందే, అసలువీ ఈ తరహాలోనే ఉంటాయి. సాగదీయగల ఉక్కు గొట్టం. దాని బయటివైపు ఎడం ఎడంగా రబ్బరు పట్టీలు. పట్టీల మధ్య గొట్టం చుట్టూ లోహపు గట్లు. గొట్టం సాగినప్పుడు ఆ గట్లు కేసింగ్ గోడలో దిగబడి రబ్బరుకు తోడుగా సీలు అవ్వడం. ప్రతి పట్టీ పక్కన చిన్న ఖాళీ, దానివల్ల మధ్యలో చిక్కుకున్న ద్రవం ఒత్తిడి పెంచకుండా ఉండడం. ఇదంతా కామాలూ సెమికోలన్లతో ఒకే వాక్యం.

ఎగ్జామినర్ ఆ వాక్యాన్ని అయిదు ముక్కలు చేసి, ఒక్కో ముక్క కోసం పాత పత్రాల్లో వెతకాలి. దానికి వర్గీకరణ కోడ్లుంటాయి. బావిలో కేసింగ్, లైనర్ అమర్చడం అంటే ఇ21బి 43/10. సాగదీసే గొట్టాలు అంటే దాని కిందే 43/103, సాగదీసే పనిముట్లు అంటే 43/105. పేటెంట్లు ఒక్కటే చూస్తే సరిపోదు. పెట్రోలియం ఇంజనీర్ల సదస్సు పత్రాలు, కంపెనీల కేటలాగులు కూడా చూడాలి. దరఖాస్తు తేదీకి ముందే ఎక్కడ అచ్చయినా అది లెక్కలోకి వస్తుంది.

వెతికితే ఒక పాత పేటెంట్‌లో రబ్బరు పట్టీలు దొరికాయి, గట్లు లేవు. ఇంకొకదానిలో లోహపు గట్లున్నాయి, పట్టీలు లేవు. అయిదు ముక్కలూ ఒకే పత్రంలో లేవు కాబట్టి కొత్తదనం లేదని కొట్టేయడానికి వీల్లేదు. ఇప్పుడు రెండో ప్రశ్న: ఆ రెండు పత్రాలూ చదివిన మామూలు బావి ఇంజనీరుకు ఇలా కలపాలని తనంతట తానే తట్టేదా? వేడి ఎక్కువున్న బావుల్లో రబ్బరు దెబ్బతింటుందని ఆ రంగంలో అందరికీ తెలుసు. మన కృష్ణా గోదావరి బేసిన్‌లో లోతైన బావుల సమస్యే వేడీ, ఒత్తిడీ. కాబట్టి రబ్బరుకు తోడుగా లోహపు సీలు పెట్టాలన్నది ఎవరికైనా తట్టే సంగతే అని ఎగ్జామినర్ రాయొచ్చు. చూడండి, రంగం తెలిసినకొద్దీ దరఖాస్తుదారు మీద జాలి తగ్గుతుంది.

మిగిలింది పట్టీ పక్కన ఖాళీ. రెండో పత్రంలోని బొమ్మలో గట్టు పక్కన సన్నని సందు కనిపిస్తోంది. కానీ ఆ సందు ఎందుకో పత్రంలో ఒక్క ముక్క కూడా లేదు. బొమ్మ గీసినతను చెయ్యి అలా తిరిగిందేమో, పేటెంట్ బొమ్మలకు కొలతల ఖచ్చితత్వం కూడా ఉండదు. ఆ సందు చూపించి ‘ఇది ముందే ఉంది’ అనొచ్చా? నా లెక్కలో అనకూడదు. ద్రవం చిక్కుకుని ఒత్తిడి పెరిగే సమస్యను ఆ పత్రం గుర్తించనేలేదు కదా. కానీ దరఖాస్తు చదివేసిన కళ్లతో చూస్తే ప్రతి సందూ సమాధానంలాగే కనిపిస్తుంది. ఆ ఊపులో రాసేసే అభ్యంతరాలు తర్వాత హియరింగ్‌లో నిలబడవు. మంచి ఎగ్జామినర్ ఎవరో తెలిసేది ఇలాంటి సందుల దగ్గరే.

చట్టం అడిగేది కూడా ఇదే. 1970 పేటెంట్ చట్టం సెక్షన్ 2(1)(జెఎ) ప్రకారం, ఉన్న జ్ఞానం కంటే సాంకేతికంగా ముందడుగు ఉండాలి లేదా ఆర్థికంగా ప్రాధాన్యం ఉండాలి, పైగా ఆ పని తెలిసినవాడికి అది ఇట్టే తట్టేది కాకూడదు. ఈ విషయంలో ఇప్పటికీ అందరూ చూపే తీర్పు 1978లో సుప్రీంకోర్టు ఇచ్చింది. గొడవ చమురు బావి గురించి కాదు, మీర్జాపూర్ కంపెనీ ఒకటి గిన్నెలను లేత్ మీద పట్టి ఉంచడానికి పేటెంట్ తీసుకున్న పద్ధతి గురించి. ఉన్నదానికి వర్క్‌షాపులో ఎవరైనా చేసుకునే చిన్న మార్పు చాలదని కోర్టు ఆ పేటెంట్‌ను నిలబెట్టలేదు. మీ అమ్మాయికి ఆ తీర్పు చదవమని చెప్పండి. ఇంజనీరింగ్ చదివినవాళ్లకు చక్కగా అర్థమవుతుంది.

ఎగ్జామినర్ రాసిన నివేదిక పై అధికారి అయిన కంట్రోలర్‌కు వెళ్తుంది. మొదటి పరీక్షా నివేదిక దరఖాస్తుదారుకు చేరాక జవాబు చెప్పుకోవడానికి ఆరు నెలలు ఉంటుంది. పేటెంట్ ఇవ్వాలా వద్దా అన్న చివరి సంతకం కంట్రోలర్‌దే. ఆఫీసులో ఉన్నంతకాలం ఉద్యోగులు పేటెంట్ హక్కులు కొనుక్కోవడానికీ సంపాదించుకోవడానికీ వీల్లేదని సెక్షన్ 75 చెబుతోంది, వారసత్వంగా వస్తే తప్ప. కొత్తది కనిపెట్టాలన్న కోరిక బలంగా ఉన్న పిల్లలకు ఇది ఇరుకుగా అనిపించొచ్చు. పైగా మెకానికల్ విభాగంలో కూర్చుంటే వచ్చేవన్నీ బావులే కావు. ఈ వారం హ్యాంగర్, వచ్చే వారం తాళం, ఆ తర్వాత కోత యంత్రం. బావులంటేనే ప్రేమ అయితే ఆమె ఈ సంగతీ ఆలోచించుకోవాలి.

మరి పెట్రోలియం డిగ్రీతో ఏం చేయొచ్చు? నాకు ఎక్కువ ఆశ కనిపించేది పేటెంట్ ఏజెంట్ పరీక్షలో. దరఖాస్తుదారు తరఫున పేటెంట్ ఆఫీసులో పని చూసే మనిషే ఏజెంట్. సెక్షన్ 126 ప్రకారం 21 ఏళ్లు నిండిన భారతీయ పౌరులు, సైన్స్, ఇంజనీరింగ్ లేదా టెక్నాలజీలో డిగ్రీ ఉంటే చాలు, రాయొచ్చు. పెట్రోలియం నిక్షేపంగా సరిపోతుంది, లా డిగ్రీ అక్కర్లేదు. రెండు రాత పేపర్లు, ఒక వైవా ఉంటాయి. ఒక్కో పేపర్లో 50 శాతం, మొత్తం మీద 60 శాతం రావాలి. చిక్కల్లా ఒకటే, ఈ పరీక్ష ఏటా ఠంచనుగా జరగదు. అందుకని దాని కోసం ఇంట్లో కూర్చోకూడదు. బెంగళూరు, పుణె, హైదరాబాద్, ఢిల్లీ చుట్టుపక్కల పేటెంట్ సెర్చ్ చేసే సంస్థలున్నాయి. కొత్తగా చేరినవాళ్ల జీతం ఎగ్జామినర్ జీతంతో పోలిస్తే తక్కువే ఉండొచ్చు. కానీ పైన చెప్పిన ముక్కలు చేసే పని చేతికి పట్టుబడేది అక్కడే. చమురు సర్వీసు కంపెనీలు పేటెంట్లు విపరీతంగా వేస్తాయి, ఒకరి పేటెంట్ మీద ఒకరు కన్నేసి ఉంటాయి. అక్కడ బావి తెలిసిన మనిషికి విలువ ఉంటుంది. ఎగ్జామినర్ పరీక్షలో ఆ తెలివికి విడిగా మార్కులు పడవు.

‘ఎం.టెక్. మెకానికల్‌లో చేస్తే ఎగ్జామినర్ అర్హత వచ్చేస్తుంది’ అని ఎవరైనా అంటే, నోటిఫికేషన్‌లో అర్హతల వరసలో ఆ మాట ఎక్కడుందో చూపించమనండి. అది చూడకుండా రెండేళ్లూ, ఫీజులూ పెట్టవద్దు.

మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట ఇంకొకటి ఉంది: ‘రిగ్గుల మీదికి పంపడం మాకూ ఇష్టం లేదు.’ ఆ ‘కూ’లో మీ అమ్మాయి ఉందా, లేక మీరూ వాళ్లమ్మేనా? పాశర్లపూడి బావి 1995లో రెండు నెలలకు పైగా మండడం కళ్లారా చూసిన ప్రాంతం మీది. మీ భయం నాకు అర్థమవుతుంది. కానీ ఇప్పుడు అమ్మాయిలు కూడా ఫీల్డులో ఇంజనీర్లుగా పనిచేస్తున్నారు. రెండు మూడేళ్లు బావి దగ్గర పనిచేసి వచ్చిన మనిషి హ్యాంగర్ పేటెంట్ చదివితే ఆ చదువే వేరు. పేటెంట్ల మీద ఆమెకు నిజంగా ఇష్టముందో, మీ మాట కాదనలేక ఈ దారి వెతుక్కుందో మీరే నెమ్మదిగా అడగండి. నేను ఇక్కడ కూర్చుని తేల్చలేను.

అమెరికా విషయం చిన్నగా చెప్పేస్తాను. అక్కడి ప్రభుత్వ పేటెంట్ ఆఫీసులో ఎగ్జామినర్ కావాలంటే అమెరికా పౌరులై ఉండాలి. యూరోపియన్ పేటెంట్ ఆఫీసులో సభ్య దేశాల పౌరులకే ఉద్యోగాలు. ఎం.ఎస్. చేసి నేరుగా అందులో చేరిపోవచ్చని ఎవరైనా చెబితే నమ్మకండి. పేటెంట్ సంస్థల్లో, కంపెనీల్లో చేసే పని వేరు, దానికి ఈ నిబంధన అడ్డు కాదు.

కోచింగ్ ఇప్పుడే వద్దు. ఈ సెలవుల్లో ఆమెను ఒక పని చేయమనండి. పేటెంట్లు వెతుక్కునే వెబ్‌సైట్ ఎస్పాస్‌నెట్‌లో 43/103 కింద ఏదో ఒక హ్యాంగర్ పేటెంట్ తీసుకుని, మొదటి క్లెయిమ్‌ను ముక్కలు చేసి, దానికంటే పాతవి మూడు పత్రాలు వెతికి, ఏ ముక్క ఎక్కడుందో పేజీ నంబర్లతో పట్టిక వేయాలి. ఇంగ్లీషు గడగడా మాట్లాడటం రాకపోయినా ఫర్వాలేదు, ఇక్కడ కావలసింది నిదానంగా చదవడం. ప్రపంచ మేధో సంపత్తి సంస్థ డిఎల్-101 అనే ప్రాథమిక కోర్సు ఆన్‌లైన్‌లో ఉచితంగా ఇస్తోంది, అదీ చేయమనండి. రెండో పత్రం దగ్గరే విసుగొస్తే ఈ ఆలోచన పక్కన పెట్టేసి గేట్‌కు చదువుకోవచ్చు, అందులో పెట్రోలియం పేపర్ ఉంది. పట్టిక పూర్తిచేసి ఇంకో క్లెయిమ్ తీసుకుంటే మాత్రం, కోచింగ్ కోసం దాచిన డబ్బు నాలుగో ఏడాది ఇంటర్న్‌షిప్‌కు పుణెలోనో బెంగళూరులోనో గది అద్దెకు ఉంచండి.