బైపాస్‌కు ముందున్న నెల రోజులు

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. మా నాన్నగారికి 62 ఏళ్లు. చాలాకాలంగా షుగరు ఉంది, బీడీలు కాలుస్తారు. గుండె రక్తనాళాల్లో మూడుచోట్ల అడ్డంకులున్నాయని, నెల తరువాత బైపాస్ చేస్తామని డాక్టర్లు చెప్పారు. అప్పటిదాకా ఆయనను మంచం దిగనీయవద్దని బంధువులు అంటున్నారు. త్వరగా కోలుకోవాలంటే ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, కడప జిల్లా

జవాబు: బంధువుల సలహా ప్రేమతో చెప్పినదే అయినా, నెల రోజులు పడుకున్న మనిషికి కండబలం తగ్గి, ఆపరేషన్ తరువాత లేచి నిలబడడమే కష్టమవుతుంది. విశ్రాంతిగా ఉన్నప్పుడు కూడా ఛాతీనొప్పి వస్తుంటే సంగతి వేరు. అప్పుడు నడక మాట పక్కనపెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. అలాంటిదేమీ లేకపోతే, ఎంత నడవవచ్చో గుండె వైద్యుణ్ణి అడిగి, కడప ఎండ ముదరక ముందే తెల్లవారుజామున నడిపించండి.

అన్నిటికన్నా ముఖ్యం బీడీ. గుండె శస్త్రచికిత్సలపై 2019లో వెలువడిన అంతర్జాతీయ మార్గదర్శకాలు కనీసం 4 వారాల ముందే పొగ మానాలని సూచించాయి, కనుక మీకు ఒక్కరోజు కూడా వ్యవధి లేదు. మూడు బంతులున్న ఊపిరితిత్తుల వ్యాయామ పరికరం మందుల దుకాణాల్లో దొరుకుతుంది. దానితో ఇప్పటినుంచే సాధన చేస్తే, ఆపరేషన్ తరువాత కఫం పేరుకుని న్యుమోనియా వచ్చే ప్రమాదం తగ్గుతుంది. షుగరు అదుపులో లేకపోతే గాయం మానడం ఆలస్యమై చీము పట్టవచ్చు. రాగి సంగటి మంచిదే కానీ, అది షుగరును పెంచదన్న నమ్మకం సరికాదు. ముద్ద చిన్నదిగా ఉండి, పప్పు, గుడ్డు, ఆకుకూర ఎక్కువగా ఉండాలి. రక్తహీనత ఉందేమో ఇప్పుడే పరీక్ష చేయించండి. రక్తం పలచబరిచే మాత్రలలో కొన్నిటిని ముందుగా ఆపుతారు, కొన్నిటిని కొనసాగిస్తారు. ఆ నిర్ణయం డాక్టరుదే.

ఆపరేషన్ రోజు మీ చేతిలో ఉండేది తక్కువ. వీలైతే కొన్ని గంటల్లోనే వెంటిలేటర్ తీసేసి, మరునాటినుంచే కుర్చీలో కూర్చోబెట్టి, మెల్లగా నడిపిస్తారు. అది చూసి కంగారుపడి అడ్డుచెప్పకండి. నొప్పిని ఓర్చుకోవడం గొప్ప కాదు. నొప్పి ఉంటే రోగి గట్టిగా దగ్గలేడు, లోతుగా ఊపిరి తీసుకోలేడు, కాబట్టి నర్సుకు తప్పక చెప్పాలి.

కోసి తీగలతో బిగించిన రొమ్ము ఎముక గట్టిపడడానికి రెండు మూడు నెలలు పడుతుంది. దగ్గేటప్పుడు దిండును ఛాతీకి హత్తుకోవాలి. నీళ్ల బిందె ఎత్తడం, డాక్టరు అనుమతించేదాకా మోటార్ సైకిల్ నడపడం కుదరదు. జ్వరం, గాయం నుంచి చీము, ఛాతీ ఎముకలో టకటక శబ్దం, ఆయాసం, రెండు మూడు రోజుల్లోనే బరువు బాగా పెరగడం, వీటిలో ఏది కనిపించినా తరువాతి చెకప్ తేదీ వరకు ఆగకుండా ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి ఫోన్ చేయండి.