ఫ్యాన్ ఫిల్మ్ తీస్తే కాపీరైట్ గొడవ వస్తుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైంది ఇలా: ఇష్టమైన సినిమాలోని పాత్రతో ఫ్రెండ్స్ కలిసి అరగంట ఫ్యాన్ ఫిల్మ్ తీస్తారు. పైసా సంపాదించరు. మొదట్లో 'కాపీరైట్ ఉల్లంఘించే ఉద్దేశం లేదు' అని ఒక కార్డు వేస్తారు. అది చాలా? చాలదండీ. మేం ఇలాగే చేసి దెబ్బ తిన్నాం.

2019లో మేం ఐదుగురం ఉండేవాళ్లం. చిన్నప్పుడు ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో నాలుగుసార్లు చూసిన సినిమా మాకు ప్రాణం. అందులో విలన్ చచ్చిపోయాక అతని తమ్ముడు ఏమై ఉంటాడన్నది మా కథ. కృష్ణానగర్‌లో కెమెరా అద్దెకు తెచ్చుకుని, ఖాజాగూడ రాళ్ల మీద ఆరు ఆదివారాలు షూటింగ్ చేశాం. 22 నిమిషాలు వచ్చింది. యూట్యూబ్‌లో పెట్టిన మూడో రోజు పొద్దున్నే చూస్తే వీడియో లేదు, ఛానెల్ మీద కాపీరైట్ స్ట్రైక్, అంటే హక్కుదారుల ఫిర్యాదు మీద యూట్యూబ్ ఇచ్చే హెచ్చరిక, పడింది. 90 రోజుల్లో మూడు పడితే ఛానెలే పోతుంది. అది మా ఎడిటర్ ఛానెల్. వాడు తీసే పెళ్లి వీడియోలు అందులోనే పెడతాడు, కొత్త ఆర్డర్లు వాటిని చూసే వస్తాయి. ఆ టెన్షన్‌లో వాడికి ఫోన్ చేయడానికి కూడా నాకు ధైర్యం చాలలేదు. సాయంత్రం వాడే చేసి, "మనం దొంగలం కాదు కదరా" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ గుర్తొస్తుంది.

తర్వాత తెలిసిన లాయర్ గారొకరు మా స్క్రిప్టంతా చదివి ఓపిగ్గా చెప్పారు. 1957 నాటి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో సొంత వాడకానికి, విమర్శకు, సమీక్షకు, వార్తలకు మినహాయింపు ఉంది. ఇంట్లో వేసుకుని చూస్తే సొంత వాడకం, ఊరందరికీ చూపిస్తే కాదు. ఒక నాటకాన్ని విమర్శించడానికే దానికి జవాబుగా రాసిన ప్రతినాటకం విషయంలో 1996లో కేరళ హైకోర్టు దాన్ని ఆపనక్కర్లేదంది. మాది విమర్శ కాదు, అభిమానం. కాబట్టి ఆ దారీ మాకు లేదు. డబ్బు తీసుకోకపోవడం శిక్ష దగ్గర మాత్రం కలిసొస్తుందట. 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50,000 నుంచి 2 లక్షల జరిమానా. వ్యాపార లాభం కోసం చేయలేదని తేలితే కోర్టు కారణాలు రాసి దాన్ని తగ్గించవచ్చు. అంతేగానీ తప్పు తప్పు కాకుండా పోదు.

అన్న చావుకు తమ్ముడు పగ తీర్చుకోవడం ఎవరి సొత్తూ కాదు. ఆలోచనకు కాపీరైట్ ఉండదని సుప్రీంకోర్టు 1978లోనే చెప్పింది. మేం తీసుకున్నది మాత్రం ఆలోచన ఒక్కటే కాదు. ఆ సినిమా డైలాగులు మూడు, బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ మొత్తం తెచ్చి వాడేశాం. ఆ మ్యూజిక్ లేకపోతే సీనే పండదనుకున్నాం. ఒకరు రాత్రింబవళ్లు కూర్చుని కట్టిన బాణీని అడగకుండా తీసుకున్నామని అప్పుడు తట్టనే లేదు. ఇప్పుడు తలుచుకుంటే నిజంగా బాధేస్తుంది.

అమెరికాలో స్టార్ ట్రెక్ అనే అంతరిక్ష కథల సీరియల్ అభిమానులు కొందరు పది లక్షల డాలర్లకు పైగా చందాలు పోగుచేసి సినిమా మొదలుపెడితే, 2015లో హక్కుదారులు కేసు వేశారు. మరుసటి ఏడాది వాళ్లే అభిమానుల కోసం నియమాలు రాసి పెట్టారు: ఒక్కో భాగం 15 నిమిషాలు మించకూడదు, రెండు భాగాలకు మించకూడదు, చందాలు 50,000 డాలర్లు దాటకూడదు, నటులకూ టెక్నీషియన్లకూ డబ్బివ్వకూడదు. చాలామందికి అవి కఠినంగా తోచాయి. నాకైతే ఎంతవరకు వెళ్లొచ్చో ముందే తెలియడం మేలనిపిస్తుంది. మన నిర్మాతలు కూడా ఇలా ఒక్క పేజీ రాసి పెడితే ఎంతమంది కుర్రాళ్లు నిశ్చింతగా తీసుకుంటారో!

మా 22 నిమిషాలు హార్డ్ డిస్క్‌లోనే ఉండిపోయాయి. రెండోసారి వేరే సినిమా పాత్రతో తీసేటప్పుడు, షూటింగ్‌కు ముందే ఆ నిర్మాణ సంస్థకు మెయిల్ పెట్టాం. కథ ఒక పేజీ, నిడివి, ఏ పాత్ర వాడతామో, ప్రకటనలు పెట్టబోమన్న మాట, అన్నీ రాశాం. ఐదు వారాలకు జవాబొచ్చింది: పాత్ర పేరు వాడుకోవచ్చు, క్లిప్పులు, మ్యూజిక్ మాత్రం వద్దు. మ్యూజిక్ మా ఫ్రెండే మల్కాజిగిరిలో తన గదిలో కీబోర్డు మీద చేశాడు. ఆ సినిమా ఈరోజుకీ ఆన్‌లైన్‌లో ఉంది. మీరు కెమెరాకు అడ్వాన్స్ ఇచ్చే ముందే ఆ మెయిల్ పంపండి.